బెజవాడ, గుంటూరుల్లో సూపర్‌హీరో కామిక్స్: ఎలా ఎంచుకోవాలి, ఎలా చదవాలి, ఎలా దాచుకోవాలి

సినిమా హాల్లో స్పైడర్‌మ్యాన్‌నో బ్యాట్‌మ్యాన్‌నో చూసి, అసలు పుస్తకంలో ఈ కథ ఎలా ఉంటుందో చూడాలనిపించినవాళ్లు మన విజయవాడ, గుంటూరుల్లో చాలామందే ఉన్నారు. అక్కడి నుంచి ముందుకు ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లే తక్కువ. ఏ పుస్తకం కొనాలి, ఎక్కడ దొరుకుతుంది, అంత డబ్బు పెట్టి కొన్నాక ఈ ఎండకీ ఈ చెమ్మకీ పాడవకుండా ఎలా ఉంచాలి అన్న ప్రశ్నల దగ్గరే చాలామంది ఆగిపోతారు. వాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

కామిక్స్ పోగుచేయడంలో రెండు దారులున్నాయి. అరుదైన సంచికల వెంట పడటం ఒకటి. మళ్లీ మళ్లీ చదవాలనిపించే కథలను కూడబెట్టుకోవడం ఇంకొకటి. ఇక్కడ చెప్పేదంతా రెండో దారి గురించే. మన ఊళ్లలో ఉండేవాళ్లకు అందేదీ, ఎక్కువ ఆనందం ఇచ్చేదీ అదేనని నా గట్టి నమ్మకం.

ముందు ఒక పూర్తి కథ పట్టుకోండి

సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. అప్పటి నుంచి వీళ్ల కథలు వస్తూనే ఉన్నాయి. మొదటి నుంచీ వరసగా చదువుదాం అనుకుంటే అది అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. వీటిని వేసే కంపెనీలు (సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లది డీసీ, స్పైడర్‌మ్యాన్‌ది మార్వెల్) మధ్యమధ్యలో పాత చరిత్రను పక్కనపెట్టి కొత్తగా మొదలుపెడుతుంటాయి. డీసీ 1985-86లో ఒకసారి తన లోకాన్నంతా తిరగరాసింది. 2011లో ‘న్యూ 52’ పేరుతో 52 పత్రికలను 1వ నంబరు నుంచి మొదలుపెట్టింది. 2016లో ‘రీబర్త్’ అంటూ ఇంకోసారి. అందుకే అట్ట మీద 1 అని ఉన్న బ్యాట్‌మ్యాన్ సంచికలు ఒకటికి నాలుగు కనిపిస్తాయి. అది చూసి కంగారు పడొద్దు. నంబరును వదిలేసి, మొదలూ చివరా ఉన్న ఒక కథను ఎంచుకోండి.

ఎవరైనా నన్ను అడిగితే మొదట ‘ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్’ చేతిలో పెడతాను. గ్రాంట్ మారిసన్ రాశారు, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేశారు. 2005 నుంచి 2008 వరకు 12 సంచికలుగా వచ్చింది, ఇప్పుడు ఒకే పుస్తకంగా దొరుకుతుంది. ముందు ఏమీ చదివి ఉండక్కర్లేదు. మొదటి పేజీ చూడండి చాలు: నాలుగు బొమ్మలు, వాటి మీద మొత్తం ఎనిమిది ఇంగ్లీషు మాటలు. సూపర్‌మ్యాన్ పుట్టుక కథంతా అందులోనే అయిపోతుంది. కామిక్స్ ఏం చేయగలవో అర్థం కావడానికి అంతకంటే మంచి పేజీ నాకు తెలియదు.

బ్యాట్‌మ్యాన్ కావాలనుకునేవాళ్లకు 1987లో వచ్చిన ‘ఇయర్ వన్’. అసలు నాలుగే సంచికలు. ఫ్రాంక్ మిల్లర్ రచన, డేవిడ్ మాజ్జుకెల్లి బొమ్మలు. పేరుకు బ్యాట్‌మ్యాన్ కథే అయినా అందులో సగం గోర్డన్ అనే పోలీసాయనది. అవినీతి నిండిన డిపార్ట్‌మెంట్‌లో నిజాయతీగా నిలబడటానికి ఆయన పడే పాట్లు మనవాళ్లకు ఇట్టే అర్థమవుతాయి.

హైస్కూలు పిల్లలుంటే 2014లో మొదలైన ‘మిస్ మార్వెల్’ కొనండి. కమలా ఖాన్ అమెరికాలో ఒక పాకిస్తానీ కుటుంబంలో పెరుగుతున్న అమ్మాయి. రాత్రి ఎక్కడికెళ్లావు, ఎవరితో వెళ్లావు అని ఇంట్లో అడుగుతుంటారు. ఊరిని కాపాడాలి, అమ్మానాన్నలకూ జవాబు చెప్పాలి. మన ఇళ్లలో పెరిగే పిల్లలకు ఈ కథలో కొత్తగా వివరించాల్సిందేమీ ఉండదు.

‘వాచ్‌మెన్’ గొప్ప పుస్తకం. కానీ సూపర్‌హీరోల కథలు కొన్ని చదివాక తీసుకుంటేనే దాని బలం తెలుస్తుంది, ఎందుకంటే ఆ కథ ప్రశ్నించేది ఆ కథలనే. పైగా అది పెద్దవాళ్ల పుస్తకం. బొమ్మలున్నాయి కదా అని పిల్లలకు ఇవ్వకండి. వెనక అట్ట మీద చాలా పుస్తకాలకు వయసు సూచన ఉంటుంది, అది చూసి కొనండి.

ఏ రూపంలో కొనాలి

ఒకే కథ నాలుగైదు రూపాల్లో అమ్ముతారు. తేడా తెలియక ఒకే కథను రెండుసార్లు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

పిన్నులు కొట్టిన పల్చటి సంచికను సింగిల్ ఇష్యూ అంటారు. కథ ఇరవై పేజీల పైచిలుకు ఉంటుంది, మిగతావి ప్రకటనలు. అమెరికాలో ఇవి ప్రతి బుధవారం షాపుల్లోకి వస్తాయి. మనకు వరసగా దొరకడం కష్టం, దొరికినా ఖర్చు ఎక్కువ. అలాంటి ఐదారు సంచికలను కలిపి మెత్తటి అట్టతో వేసేది ట్రేడ్ పేపర్‌బ్యాక్. మీ అలమరలో ఎక్కువ భాగం ఇవే ఉండాలి. గట్టి అట్టతో వచ్చేది హార్డ్‌కవర్. దాదాపు వెయ్యి పేజీలతో ఇటుకలా ఉండేది ఆమ్నిబస్. చూడటానికి బాగుంటుంది కానీ ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు చదివితే చేతులు నొప్పి పుడతాయి. బాగా ఇష్టమైన కథ అయితేనే దాని జోలికి వెళ్లండి.

డబ్బు చూసుకుని కొనేవాళ్లకు ఈ మధ్య ఒక మంచి మార్గం వచ్చింది. డీసీ 2024లో ‘కాంపాక్ట్ కామిక్స్’ అని చిన్న సైజు పుస్తకాలు మొదలుపెట్టింది. ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, ఐదున్నర అంగుళాల వెడల్పు, అసలు ధర 9.99 డాలర్లు. మామూలు సైజు పుస్తకం ధరలో ఇది దాదాపు సగం. ‘వాచ్‌మెన్’, బ్యాట్‌మ్యాన్ ‘కోర్ట్ ఆఫ్ అవుల్స్’ ఈ సైజులో వచ్చాయి. అక్షరాలు కాస్త చిన్నవి. నలభై దాటినవాళ్లు కొనేముందు ఒక పేజీ తెరిచి చూసుకోవడం మంచిది.

సూపర్‌హీరోలు లేని గ్రాఫిక్ నవలలకు, అంటే బొమ్మల్లో నడిచే నవలలకు కూడా అలమరలో ఒక అర వదిలిపెట్టండి. యూదుల మారణహోమాన్ని ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన ‘మౌస్’కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. మన దేశంలో నర్మదా ఉద్యమం మీద ఒరిజిత్ సేన్ ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ 1994లో వచ్చింది. అంబేడ్కర్ జీవితం మీద 2011లో వచ్చిన ‘భీమాయన’కు గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. అందులో గడులు గీసి పేజీని ముక్కలు చేయలేదు. బొమ్మలు పేజీ అంతా పారుతుంటాయి. కామిక్స్‌కు ఒకే ముఖం ఉండదని తెలియాలంటే ఆ పుస్తకం తప్పకుండా చూడాలి.

ఎక్కడ దొరుకుతాయి

విజయవాడలో మొదట లెనిన్ సెంటర్‌కు వెళ్లండి. అక్కడి పాత పుస్తకాల షాపుల్లో ఎంసెట్, గ్రూప్స్ గైడ్ల దొంతరలే కళ్లకు కనిపిస్తాయి. కామిక్స్ ఉంటే వాటి కిందో, ఇంగ్లీషు పిల్లల పుస్తకాల మధ్యో ఉంటాయి. గ్రాఫిక్ నవల అని అడిగితే చాలాచోట్ల అర్థం కాదు. "అన్నా, ఇంగ్లీషు బొమ్మల కథలు, కామిక్స్ ఏమైనా వచ్చాయా?" అని అడగండి. ఏ బొమ్మలు కావాలో ఫోన్‌లో చూపిస్తే ఇంకా మంచిది. లేవంటే మీ నంబరు రాసిచ్చి రండి. స్కూళ్లు, కాలేజీలు తెరిచే జూన్‌లో మాత్రం వెళ్లొద్దు. ఆ రోజుల్లో వాళ్లకు తల తిప్పే తీరిక ఉండదు. రద్దీ తగ్గాక వెళితే నిలబడి దొంతరలన్నీ దించి చూసుకోనిస్తారు.

ఈ షాపుల్లో రెండు రకాల పుస్తకాల కోసం కళ్లు పెట్టుకోండి. మొదటిది ఇంద్రజాల్ కామిక్స్. 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలై 1990 వరకు 803 సంచికలు వచ్చాయి. రెండోది గోథమ్ కామిక్స్. 2000 తర్వాతి సంవత్సరాల్లో మార్వెల్, డీసీ కథలను మన దేశంలోనే అచ్చు వేసి తక్కువ ధరకు అమ్మింది ఈ సంస్థ. 2004లో ముంబయి కుర్రాడు పవిత్ర్ ప్రభాకర్‌ను స్పైడర్‌మ్యాన్ చేసి, పంచె కట్టించి నాలుగు సంచికల కథ తెచ్చింది కూడా వీళ్లే. 2023లో వచ్చిన యానిమేషన్ సినిమాలో ఆ పాత్ర కనిపించాక ఆ సంచికల కోసం వెతికేవాళ్లు పెరిగారు.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. 1989లో మొదలైంది. చాలా ఏళ్లు స్వరాజ్ మైదానంలో జరిగింది. అక్కడ ఇప్పుడు అంబేడ్కర్ స్మృతివనం వచ్చింది కాబట్టి ఈసారి ఏ గ్రౌండ్‌లో పెడుతున్నారో ముందే కనుక్కుని బయల్దేరండి. స్టాళ్లలో సాధారణంగా 10 శాతం తగ్గింపు ఇస్తారు. ఇంగ్లీషు పుస్తకాలను కిలోల లెక్కనో, ఒకే ధరకు ఏదైనా అనో అమ్మే స్టాల్ కనిపిస్తే ముందు దానికే వెళ్లండి. కామిక్స్ అక్కడ ఉంటే తొలి రోజుల్లోనే అయిపోతాయి.

గుంటూరు వాళ్లు అరండల్‌పేట, బ్రాడీపేటల్లోని పుస్తకాల షాపులతో మొదలుపెట్టొచ్చు. అక్కడ కొత్త ట్రేడ్ పేపర్‌బ్యాక్‌లు షాపులో లేకపోయినా, ఐఎస్‌బీఎన్ నంబరు (వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గర ఉండే పుస్తకం నంబరు) ఇస్తే తెప్పించగలరేమో అడగండి. బస్సెక్కితే బెజవాడ గంట, గంటన్నర దూరమే కాబట్టి లెనిన్ సెంటర్ కూడా మీదే అనుకోండి.

హైదరాబాద్‌లో పనుంటే ఆదివారం కూడా ఉండేలా చూసుకోండి. ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల సంతలో మన దగ్గర కనిపించనివి దొరుకుతాయి. కామిక్స్ అభిమానుల జాతర కామిక్ కాన్ కూడా అక్కడ 2013 నుంచి జరుగుతోంది.

మిగిలింది ఆన్‌లైన్. కొత్త పుస్తకాలకు చివరికి అందరూ దాని మీదే ఆధారపడతారు. కావాల్సిన పుస్తకాన్ని కార్ట్‌లో పెట్టి వదిలేయండి. ధర వారం వారం మారుతుంటుంది, తగ్గినప్పుడు కొనండి. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చదవడానికి అభ్యంతరం లేకపోతే కిండిల్‌లో కామిక్స్ ఉన్నాయి. మార్వెల్ అన్‌లిమిటెడ్ అనే యాప్‌లో నెలకింత అని కట్టి వేల సంచికలు చదువుకోవచ్చు. కొత్తవి మార్కెట్లోకి వచ్చిన మూడు నెలలకు అందులోకి వస్తాయి. నా సలహా ఏమిటంటే, ముందు అక్కడ చదివి చూడండి. రెండోసారి చదవాలనిపించినదాన్నే కాగితం మీద కొనండి.

డబ్బు ఇచ్చేముందు చూడాల్సినవి

పాత సంచిక అయితే మధ్య పేజీ దగ్గర తెరవండి. పిన్నుల నుంచి ఊడిపోయేది ముందు ఆ కాగితమే. తర్వాత మొదటి పేజీ నుంచి చివరి వరకు ఒక్కొక్కటీ తిప్పండి. కూపన్లూ పజిళ్లూ కత్తిరించి ఉంటే వెనక వైపున్న కథ బొమ్మ కూడా పోతుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే ఆ పుస్తకాన్ని మిగతా పుస్తకాల దగ్గరకు తీసుకెళ్లకండి, ఎంత చవకైనా సరే. పిన్నులు తుప్పు పట్టి కాగితానికి మరక పాకితే ధర తగ్గించమని అడగొచ్చు.

మన ఇళ్లలో వారపత్రికల సీరియళ్లు చింపి బైండు చేయించుకునే అలవాటు ఉండేది కదా, పాత కామిక్స్ కూడా అలా బైండు చేసినవి దొరుకుతుంటాయి. బైండరు అంచులు కోసేసి ఉంటాడు, కొన్నిచోట్ల పై వరసలోని మాటలు కూడా తెగిపోతాయి. చదవడానికి కొనుక్కోండి. విడదీయాలని మాత్రం చూడకండి, కాగితం చిరుగుతుంది.

కొత్త పుస్తకం అయితే అసలు చూడాల్సింది కాపీరైట్ పేజీ. ఈ పుస్తకంలో ఏ పత్రిక ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు ఉన్నాయో చిన్న అక్షరాల్లో అక్కడ రాసి ఉంటుంది. అట్ట మారుతుంది, పేరు మారుతుంది, ‘డీలక్స్’ అనో ‘కొత్త ఎడిషన్’ అనో తగిలిస్తారు. ఆ ఒక్క వాక్యం మాత్రం నిజం చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఆ పేజీ కనిపించకపోతే గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే సైట్‌లో పేరు కొట్టి చూడండి. ఏ సంచికలో ఏ కథ ఉందో, ఎవరు రాశారో, ఎవరు గీశారో ఉచితంగా చూడొచ్చు.

నకిలీ ప్రింట్లు కూడా తిరుగుతున్నాయి. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి. బొమ్మల గీతలు మసకగా ఉండటం, నలుపు బూడిద రంగులోకి తిరగడం, పేజీ అంచున మాటల బుడగ సగం తెగిపోవడం వాటి గుర్తులు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. మూలలు నలిగి వచ్చినప్పుడు వెనక్కి పంపడానికి పనికొస్తుంది.

చదవడం

చాలామంది కామిక్స్‌ను మరీ వేగంగా చదివేస్తారు. మాటలు చదివి బొమ్మ మీద చూపు జార్చి పేజీ తిప్పేస్తారు. నూట యాభై పేజీల పుస్తకం గంటలో అయిపోతుంది, ఇంత డబ్బుకు ఇంతేనా అనిపిస్తుంది. ఆ చదివే తీరు వల్లే అలా అనిపిస్తుంది.

చందమామతో పెరిగినవాళ్లకు బొమ్మలంటే ప్రాణం. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలు చూసి చూసి మనకు కన్ను కుదిరింది. కానీ చందమామలో కథ మాటల్లోనే పూర్తిగా ఉంటుంది, బొమ్మ దానికి అందం. బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. కామిక్స్‌లో అలా కాదు. ఒక పాత్ర "నాకేం భయం లేదు" అంటుంటే చేతివేళ్లు బిగుసుకుని కనిపిస్తాయి. ఆ వేళ్లు చూడకపోతే మీరు చదివింది సగం కథే.

అందుకే పేజీ తిప్పగానే మాటల జోలికి వెళ్లకుండా ముందు రెండు పేజీలనూ మొత్తంగా ఒకసారి చూడండి. గడులు ఎన్ని ఉన్నాయి, పెద్దది ఏది, రంగు ఎక్కడ మారింది అని. తర్వాత ఎడమ పై మూల నుంచి కుడికి, ఆ తర్వాత కింది వరసకి. ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే పైన ఉన్నదీ, ఎడమ వైపు ఉన్నదీ ముందు చదవాలి. జపాన్ మాంగా పుస్తకాలు మాత్రం కుడి నుంచి ఎడమకి.

రెండు గడుల మధ్య తెల్లటి ఖాళీ ఉంటుంది. అసలు కథ జరిగేది అక్కడే. ఒక గడిలో గొడ్డలి ఎత్తిన చెయ్యి, పక్క గడిలో చీకటి ఊరి మీద ఒక కేక. దెబ్బ పడటం ఎవరూ గీయలేదు, మీరే చూశారు. ఈ సంగతిని 1993లో స్కాట్ మెక్‌క్లౌడ్ ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ అనే పుస్తకంలో వివరంగా చెప్పారు. ఆ పుస్తకం కూడా కామిక్ రూపంలోనే ఉంటుంది. పది పుస్తకాలు చదివాక అది చదివితే, ఆ పదింటినీ మళ్లీ తీయాలనిపిస్తుంది.

గడి ఎంత వెడల్పుగా ఉంటే కాలం అంత నెమ్మదిగా నడిచినట్టు ఉంటుంది. చిన్న చిన్న గడులు వరసగా వస్తే గుండె వేగంగా కొట్టుకుంటున్నట్టు. పెద్ద రహస్యాన్ని కుడి పేజీ చివరి గడిలో ఆపి, పేజీ తిప్పగానే చూపిస్తారు. ఇవన్నీ గీసినవాళ్లు తెలిసి చేసే పనులు. ‘వాచ్‌మెన్’లో చాలా పేజీలు తొమ్మిది గడుల చట్రంలో నడుస్తాయి. అందులో ఐదో భాగాన్ని బొమ్మలు వేసిన డేవ్ గిబ్బన్స్ అద్దంలో ప్రతిబింబంలా అమర్చారు. మొదటి పేజీ గడుల అమరిక చివరి పేజీలో తిరగబడి కనిపిస్తుంది, రెండో పేజీది చివరి నుంచి రెండో పేజీలో, అలా మధ్య వరకు. మొదటిసారి చదివేటప్పుడు ఇది చాలామందికి తెలియదు. రెండోసారి రెండు చివరల నుంచీ పేజీలు తిప్పుతూ చూడండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లీషు గురించి టెన్షన్ పడతారు. ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టడానికి నవల కంటే కామిక్ చాలా తేలిక, ఎందుకంటే ఎవరు ఎవరితో ఏ ముఖం పెట్టి అంటున్నారో కళ్లముందే ఉంటుంది. అక్షరాలన్నీ పెద్దబడిలో (క్యాపిటల్ లెటర్స్‌లో) ఉండటం మొదట్లో ఇబ్బంది పెడుతుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. లావుగా అచ్చేసిన మాటను నొక్కి పలకాలి. ఆ మాట మీద ఒత్తు పెట్టి పైకి చదవండి, వాక్యం అర్థం దానంతటదే తెలుస్తుంది. తెలియని మాటకు వెంటనే నిఘంటువు తీయకండి. పేజీ అయ్యాక చూడండి, సగం మాటలు అప్పటికే అర్థమై ఉంటాయి.

ఇంకొక్క మాట. మొదటి పేజీలో పేర్లు చదవండి. రాసినవాళ్లు, పెన్సిల్‌తో గీసినవాళ్లు, ఇంకు వేసినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, అక్షరాలు రాసినవాళ్లు అందరి పేర్లూ ఉంటాయి. మీకు నచ్చింది హీరోయా, ఆ రచయితా, ఆ చిత్రకారుడా అన్నది కొన్ని పుస్తకాలకే తేలిపోతుంది. ఆ తర్వాత హీరో పేరు మీద కాకుండా వాళ్ల పేర్ల మీద కొంటే డబ్బు వృథా కాదు.

ఎండ, చెమ్మ, చెదలు, వరద

మన ఊళ్లలో కామిక్స్‌కు ఇవే అసలు శత్రువులు.

పాత సంచికలు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. ఆ కాగితంలోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురు, గాలి తగిలి పసుపు రంగుకు తిరుగుతుంది, లోపలి ఆమ్లం కాగితాన్ని పెళుసు చేస్తుంది. వేడి ఎక్కువైతే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. రోహిణీ కార్తెలో స్లాబు కింద అటక ఎలా కాలిపోతుందో మీకు తెలిసిందే. కామిక్స్ అటక ఎక్కించకండి. పడమటి ఎండ కొట్టే గోడకు ఆనించి అలమర పెట్టకండి. కొత్త పుస్తకాల బైండింగు జిగురుతో అతికించినదే, వేడికి అది మెత్తబడి పేజీలు విడిపోతాయి. ఇంట్లో అన్నింటికంటే చల్లగా ఉండే లోపలి గది గోడను వీటికి ఇవ్వండి.

ట్రేడ్ పేపర్‌బ్యాక్‌లను మామూలు పుస్తకాల్లాగే నిలబెట్టండి, మరీ బిగించకుండా, వాలిపోకుండా. సింగిల్ ఇష్యూలకు ఒక్కొక్కదానికీ కవరు వేయండి. ఇప్పటి అమెరికన్ సంచిక వెడల్పు ఆరున్నర అంగుళాల పైన, పొడవు పదింబావు ఉంటుంది. దానికి సరిపోయే కవర్లు, వెనక పెట్టే అట్టలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దొరక్కపోతే స్టేషనరీ షాపులో ఏ4 సైజు పాలీప్రొపిలీన్ కవర్లు అడగండి. పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు అవి అతుక్కుపోయి అట్ట మీది రంగును లాగేస్తాయి. వెనక అట్ట ఆసిడ్ లేనిదై ఉండాలి. మామూలు బూడిద రంగు అట్ట వాడితే అందులోని ఆమ్లం పుస్తకానికి పాకుతుంది. స్కూలు పుస్తకాలకు వేసినట్టు న్యూస్‌పేపరు అట్టలు వేయకండి. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయకండి, లామినేషన్ చేయించకండి. టేపు జిగురు కొన్నాళ్లకు గోధుమ రంగు మరకై మిగులుతుంది, అది ఇక పోదు.

చెదలు చెక్క అలమరను గోడ వైపు నుంచి తింటాయి, ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఇనుప బీరువా మేలు. ఏదైనా గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. వానాకాలంలో వారానికోసారి తలుపులు తెరిచి ఫ్యాను వేయండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి మారుస్తుండండి. కలరా ఉండలు వేయాలనుకుంటే గుడ్డలో కట్టి, పుస్తకానికీ కవరుకూ తగలకుండా మూలన పెట్టండి. చిన్న పిల్లలున్న గదిలో అసలు వేయొద్దు, ఆ ఆవిరి వాళ్లకు మంచిది కాదు. నేనైతే వాటికంటే నెలకోసారి అన్నీ దించి, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ సర్దడాన్నే ఎక్కువ నమ్ముతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ల సామానంతా పోయింది. లోతట్టులో ఉండేవాళ్లు కామిక్స్‌ను నడుము ఎత్తుకు పైనే పెట్టుకోవాలి. బాగా ఇష్టమైనవాటిని మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, ఎత్తుకుని మేడ మెట్లెక్కగల బరువులోనే ఉంచుకోవాలి.

పుస్తకం తడిస్తే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. కొత్త కామిక్స్‌ది నున్నటి కాగితం. తడిసి ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అప్పుడు విడదీస్తే రంగు ఊడి వస్తుంది. కాబట్టి తడిగా ఉండగానే పేజీ పేజీకీ మధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, ఫ్యాను గాలికి నిలబెట్టి, కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు. ఎక్కువ పుస్తకాలు ఒకేసారి తడిసి, కరెంటు ఉంటే, ఒక్కొక్కటీ కవరులో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. బూజు పట్టకుండా ఆగుతుంది. తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. మొదటి రెండు రోజుల్లో చేసే పనే ముఖ్యం.

ధర పెరుగుతుందా?

ఇది అందరూ అడుగుతారు. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి సంచిక అప్పట్లో 10 సెంట్లు. 2024 ఏప్రిల్‌లో దాని ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అయితే ఆ ధర ఎందుకు వచ్చిందో చూడాలి. ఆ కాలంలో పిల్లలు చదివి పారేశారు, మిగిలినవి యుద్ధకాలంలో పాత కాగితాల కింద పోయాయి. ఇప్పుడు మిగిలిన ప్రతులు చాలా తక్కువ. దాని పక్కనే 1991 నాటి ‘ఎక్స్‌మెన్’ 1వ సంచికను పెట్టి చూడండి. రేపు లక్షలు వస్తాయనుకుని జనం రెండేసి, ఐదేసి ప్రతులు కొని జాగ్రత్తగా దాచారు. 80 లక్షలకు పైగా ప్రతులు అచ్చయ్యాయి. అందరి దగ్గరా ఉంది కాబట్టి ఇప్పటికీ చవగ్గానే దొరుకుతుంది.

మీరు కొనే ట్రేడ్ పేపర్‌బ్యాక్ మళ్లీ మళ్లీ అచ్చవుతుంది, దాని ధర పెరగదు. పెరగకపోవడమే మనకు మంచిది. పాత సంచిక ఎవరైనా భారీ ధర చెబితే అట్ట మీద ‘ఫాక్సిమిలీ ఎడిషన్’ అని చిన్నగా ఎక్కడైనా ఉందేమో చూడండి. పాత అట్ట, పాత ప్రకటనలతో సహా కొత్తగా అచ్చు వేసిన ప్రతి అది. చదవడానికి హాయిగా కొనుక్కోవచ్చు, పాతదని చెప్పి అమ్మితే మాత్రం తీసుకోకండి.

లెక్క రాసుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం

ఫోన్‌లో ఒక షీట్ తెరిచి పుస్తకం పేరు, ఐఎస్‌బీఎన్, అందులో ఉన్న సంచికల నంబర్లు, కొన్న ధర, ఎవరికి ఇచ్చారు అని ఐదు గడులు పెట్టుకోండి. పుస్తక మహోత్సవంలో నిలబడి ఇది నా దగ్గర ఉందా లేదా అని ఆలోచించే పని తప్పుతుంది.

మీ ఊళ్లోనే ఇంకో ఇద్దరు ముగ్గురు కామిక్స్ చదివేవాళ్లను వెతుక్కోండి. కాలేజీలో, ఆఫీసులో తప్పకుండా ఉంటారు. ఒకరు బ్యాట్‌మ్యాన్, ఒకరు స్పైడర్‌మ్యాన్, ఇంకొకరు గ్రాఫిక్ నవలలు అని పంచుకుని కొంటే, ఒకరి డబ్బుతో ముగ్గురి అలమరలు చదవొచ్చు. ఇచ్చేటప్పుడు కవరుతో సహా ఇవ్వండి. భోజనం చేస్తూ చదవొద్దని, పుస్తకాన్ని వెనక్కి మడిచి పట్టుకోవద్దని మొహమాటం లేకుండా చెప్పండి.

ఏడాదికోసారి, సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు, అలమర మొత్తం చూడండి. మళ్లీ తీయరని తేలిపోయిన పుస్తకాలు పక్కన పెట్టండి. వాటిని పాత పుస్తకాల షాపులో అమ్మేకంటే అక్కడే ఉన్న వేరే పుస్తకంతో మార్చుకుంటే మీకు ఎక్కువ విలువ దక్కుతుంది. పిల్లలకు తగినవైతే దగ్గర్లోని స్కూలు లైబ్రరీని అడిగి ఇవ్వండి. ఇచ్చేముందు వయసు సూచన మరోసారి చూసుకోండి.